వింటినారికి వేళ్లను అలవాటు చేయడం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సంప్రదాయ విలువిద్య గురించి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వేళ్ల బాధల గురించే ఉన్నాయి. వాటిలో నుంచి కొన్నింటిని ఎంచి, ఈసారి మొత్తం చోటును వాటికే కేటాయిస్తున్నాను. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాను.

ప్రశ్న: నాకు 29 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మూడు వారాల క్రితం 45 పౌండ్ల చెక్క రికర్వ్ (కొనలు ముందుకు వంపు తిరిగిన) విల్లు కొన్నాను. శని, ఆదివారాల్లో రోజుకు 100 బాణాలకు తగ్గకుండా వేస్తున్నాను. చేతికి ఏమీ తొడుక్కోవడం లేదు. నడిమి వేలి మీద లేచిన బొబ్బ పోయిన ఆదివారం పగిలింది. "అర్జునుడంతటివాడికే చేతులు కాయలు కాచాయి, నువ్వూ ఓర్చుకో" అని నా మిత్రుడు అంటున్నాడు. ఓర్చుకుంటే వేళ్లు గట్టిపడతాయా? – కొండాపూర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ముందు పగిలిన బొబ్బ సంగతి చూద్దాం. పైనున్న చర్మాన్ని పీకివేయకండి. కింద కొత్త చర్మం వచ్చేవరకు అదే దానికి కప్పు. సబ్బుతో కడిగి, పొడిగా తుడిచి, శుభ్రమైన పట్టీ వేయండి. ఆ చోట వేలితో గట్టిగా నొక్కినా నొప్పి లేని స్థితి వచ్చేవరకు విల్లు ముట్టుకోవద్దు. చీము పట్టినా, ఎర్రదనం వేలి పైకి పాకుతున్నా వైద్యుడికి చూపించడంలో ఆలస్యం చేయకండి. ఇకముందు బొబ్బ చిన్నదై, నొప్పి లేకుండా ఉంటే దానిని గిల్లకుండా వదిలేయండి.

ఇక ఓర్చుకోవడం గురించి. కాయ కాయడం వేరు, బొబ్బ లేవడం వేరు. చర్మం మీద ఒత్తిడి కొద్దికొద్దిగా, మళ్లీమళ్లీ, వారాల తరబడి పడితే పైపొర మందమవుతుంది. దానినే మనం కాయ అంటాం. అదే ఒత్తిడి, రాపిడి ఒక్కసారిగా మితిమీరితే చర్మం లోపలి పొరలు ఒకదాని మీద ఒకటి జారి విడిపోతాయి, ఆ ఖాళీలోకి నీరు చేరుతుంది. అది బొబ్బ. ఐదు రోజులు కీబోర్డు మీద ఆడిన వేళ్లను రెండు రోజుల్లో 200 సార్లు నారికి తగిలించి లాగితే కాయ కాచే వ్యవధి చర్మానికి ఎక్కడిది?

మీ విల్లు బరువును, అంటే నారిని పూర్తిగా లాగడానికి పట్టే బలాన్ని, కిలోల్లోకి మార్చి చూడండి. 45 పౌండ్లంటే 20 కిలోలకు కొంచెం ఎక్కువ. మూడు వేళ్లతో లాగినప్పుడు అందులో దాదాపు సగం నడిమి వేలి మీదే పడుతుంది. అంటే పది కిలోల బియ్యం సంచిని మూడు మిల్లీమీటర్ల మందమున్న తాడుకు కట్టి, ఒక వేలి కొన కణుపుకు వేలాడదీసినట్టు. మీకు బొబ్బ నడిమి వేలి మీదే లేవడానికి కారణం ఇదే. 45 పౌండ్లతో మొదలుపెట్టడం తప్పని నా గట్టి అభిప్రాయం. 20 నుంచి 25 పౌండ్ల విల్లును అద్దెకో అరువుకో తెచ్చుకుని కనీసం మూడు, నాలుగు నెలలు దానితో సాధన చేయండి. ఆ తర్వాత కూడా ఒక్కసారిగా ఎగబాకకుండా నాలుగేసి పౌండ్లు పెంచుకుంటూ వెళ్లండి. శని, ఆదివారాల్లో వందేసి వేసే బదులు వారంలో నాలుగు రోజులు ముప్పయ్యేసి బాణాలు వేయండి. వేళ్లు ఫిర్యాదు చేయకపోతే వారానికి పది చొప్పున పెంచవచ్చు.

అర్జునుడి మాట మీ మిత్రుడు గుర్తుచేయడం నాకు సంతోషంగానే ఉంది, అయితే ఆ కథను పూర్తిగా చెప్పుకోవాలి. విరాటపర్వంలో బృహన్నలగా మారబోయే అర్జునుడు దాచుకోవలసి వచ్చిన వింటినారి గుర్తులు వేళ్లకు కాదు, బాహువులకు. వాటిని గాజులు తొడుక్కుని కప్పుకుంటానని అంటాడు. బాణం విడిచిన తర్వాత ముందుకు దూసుకుపోయే నారి ముంజేతిని ఒరుసుకోవడం వల్ల పడే కాయలవి. ఇక వేళ్ల విషయానికి వస్తే, విశ్వామిత్రుడి వెంట యాగరక్షణకు బయలుదేరిన రామలక్ష్మణులు ఉడుము తోలుతో చేసిన అంగుళిత్రాణాలు ధరించి ఉన్నారని బాలకాండ చెబుతుంది. వేలికి తోలు తొడగడాన్ని వాల్మీకి వీరుల అలంకారంగానే వర్ణించాడు తప్ప బలహీనతగా కాదు. మీరు కూడా నిస్సంకోచంగా ట్యాబ్ (నారికీ వేళ్లకూ మధ్య అడ్డుగా ఉండే తోలు ముక్క) కాని, మూడు వేళ్ల గ్లవ్ కాని తొడుక్కోండి.

ఇంకొకటి. నారిని వేలి కొనల మెత్తటి భాగంతో పట్టుకుంటున్నారేమో గమనించుకోండి. కొత్తగా నేర్చుకునేవారిలో చాలామంది, నారి సులువుగా జారుతుందన్న ఆశతో, కొనలతోనే పట్టుకుంటారు. అప్పుడు వేళ్లు విప్పుకోకుండా ఉండడానికి ముంజేతి కండరాలన్నీ బిగుసుకుంటాయి, విడిచేటప్పుడు నారి ఆ మెత్తటి చర్మాన్ని ఈడ్చుకుంటూ పోతుంది. నారి పడవలసింది కొన నుంచి మొదటి కణుపు మడతలో, లేదా దానికి పిసరంత లోపలికి. వేళ్లు కొక్కెంలా వంగి ఉండాలి, చేతి వెనుక భాగం మణికట్టుతో పాటు చదునుగా, సడలి ఉండాలి. ఇలా పట్టుకుంటే విడిచేటప్పుడు వేళ్లను తెరవనక్కరలేదు. సడలిస్తే చాలు, నారే వాటిని పక్కకు తోసుకుని వెళ్లిపోతుంది. తోలు లేకుండా వేసి ఓర్చుకున్నవారికి కాయలు కాస్తాయి, నిజమే. కాని నారి మీద వేలు ఎక్కడ ఉందో, ఏ వేలు బరువు మోస్తోందో తెలియజెప్పే స్పర్శ ఆ మందపు చర్మం కింద మొద్దుబారుతుంది. విలుకాడికి ఆ స్పర్శే ఆధారం. దానిని కాపాడుకుంటూ బలం పెంచుకోవడమే వేళ్లను అలవాటు చేయడం అంటే.

ప్రశ్న: మా అమ్మాయికి 11 ఏళ్లు. వేసవి శిబిరంలో విలువిద్యలో చేరింది. ట్యాబ్ మంచిదా, గ్లవ్ మంచిదా? టీవీలో జ్యోతి సురేఖ వేళ్లకు ఏమీ తొడుక్కోలేదని, తనకూ వద్దని పేచీ పెడుతోంది. – తార్నాక నుంచి ఒక తల్లి

జవాబు: మీ అమ్మాయి చూపు చురుకైనది, ఆమె గమనించింది నిజమే. వెన్నం జ్యోతి సురేఖ వాడేది కాంపౌండ్ విల్లు, కొనల్లో కప్పీలున్నది. ఆ పోటీల్లో నారిని వేళ్లతో పట్టుకోరు. రిలీజ్ అనే చిన్న పరికరాన్ని నారికి తగిలించి లాగుతారు, కాబట్టి వేళ్లకు తోలు అవసరం లేదు. అదే విజయవాడ నుంచి వచ్చిన బొమ్మదేవర ధీరజ్ రికర్వ్ విలుకాడు. ఆయన ఆట చూపించి, నారి లాగే చేతి వేళ్ల మీద ఉన్న ట్యాబ్‌ను గమనించమని చెప్పండి. పేచీ అక్కడితో తీరుతుందని నా నమ్మకం.

పిల్లలకు నేను ట్యాబ్‌నే సూచిస్తాను. గ్లవ్ పెరిగే వేళ్లకు త్వరలోనే బిగుతవుతుంది; కాస్త వదులుగా కొంటే లోపల వేలు జారి, రాపిడి తోలుకూ చర్మానికీ మధ్య మొదలవుతుంది. ట్యాబ్ కొనగానే అలాగే తొడిగి పంపకండి. వేళ్లను కొక్కెంలా వంచమని చెప్పి, తోలు కొనల నుంచి రెండు, మూడు మిల్లీమీటర్లకు మించి బయటకు వచ్చిన చోట పెన్సిల్‌తో గీత గీసి, పదునైన కత్తెరతో కత్తిరించండి. ఎక్కువగా ఉన్న తోలు విడిచేటప్పుడు నారికి అడ్డం పడుతుంది. తక్కువైతే నారి చర్మానికి తగులుతుంది. చూపుడు వేలికీ నడిమి వేలికీ మధ్య చిన్న అడ్డుముక్క ఉన్న ట్యాబ్ దొరికితే అదే తీసుకోండి. బాణం పుంఖాన్ని, అంటే నారికి తగిలించే వెనుక కొనను, ఆ రెండు వేళ్లూ నొక్కకుండా అది ఆపుతుంది. పిల్లలు వేళ్ల పక్కలు మండుతున్నాయని ఏడవడానికి సాధారణంగా ఆ నొక్కుడే కారణం.

కొత్త ట్యాబ్ మొదట బిరుసుగా ఉంటుంది. వంద, రెండు వందల బాణాల తర్వాత దాని ముఖం మీద నారి అడ్డంగా ఒక నునుపైన గాడి చేసుకుంటుంది. వెలుతురుకు ఏటవాలుగా పెట్టి చూస్తే, ఆ గాడి మూడు వేళ్ల దగ్గరా ఒకే గీతగా కనిపిస్తే అమ్మాయి సరిగా పట్టుకుంటోందని అర్థం. ఉంగరపు వేలి దగ్గర గీత కొన వైపు జారిపోయి ఉంటే ఆ వేలు సరిగా పట్టడం లేదని అర్థం. కోచ్‌తో మాట్లాడేటప్పుడు ఆ ట్యాబ్ తీసుకువెళ్లి చూపించండి. గాడి లోతై, అడుగున తోలు పలచబడితే ట్యాబ్ మార్చవలసిందే. విల్లు బరువు మాత్రం ఈ వయసులో 14 నుంచి 18 పౌండ్లు దాటనివ్వకండి.

ప్రశ్న: పాతికేళ్లుగా వీణ వాయిస్తున్నాను. విలువిద్య నేర్చుకోవాలని మనసు లాగుతోంది. నా వేళ్లకు ఇప్పటికే కాయలున్నాయి కాబట్టి నాకు సులువవుతుందా? లేక వీణకు హాని జరుగుతుందా? – చిక్కడపల్లి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరం నన్ను రెండు రోజులు ఆలోచింపజేసింది. వీణ ఎడమచేతి చూపుడు, నడిమి వేళ్ల కొనల మీద తంతి గాడి వేస్తుంది, మెట్ల మీద జారే వేళ్లవి. కుడిచేతి వాటం విలుకాండ్రు ఎడమచేత్తో విల్లు పట్టి కుడిచేత్తో నారి లాగుతారు. అంటే మీ కాయలున్న చేతికి నారితో పనే లేదు. కాబట్టి పాతికేళ్ల సాధన వల్ల చర్మం విషయంలో మీకు కలిగే సౌకర్యం ఏమీ లేదు. ఎడమచేతి గమకానికి వచ్చే ముప్పు కూడా చాలా తక్కువ.

జాగ్రత్త పడవలసింది కుడిచేతి విషయంలో. మీటేది చూపుడు, నడిమి వేళ్లతో. నారి బరువు మోసేవీ అవే. అయితే మీటు వేలి కొనతో, గోటితో పడుతుంది, నారి కణుపు మడతలో కూర్చుంటుంది, కాబట్టి చర్మం మీద రెండూ ఒకే చోట తగలవు. రెండు పొరల తోలు ట్యాబ్ వాడితే చర్మం పెద్దగా మారదు. చర్మం కంటే నరానికే నేను ఎక్కువ భయపడతాను. వేలికి ఇరుపక్కలా సాగే సన్నని నరాలు నారి ఒత్తిడికి నలిగితే కొన మొద్దుబారుతుంది, మీటు బరువు మీకు అందదు. ఆ ఒత్తిడిని తోలు కొంత పంచగలదు కాని తీసివేయలేదు; విల్లు బరువు తగ్గించడమొక్కటే మార్గం. మీరు 20 పౌండ్ల దగ్గరే చాలాకాలం ఉండిపోండి. ఆ విల్లుతో 15 మీటర్ల దూరంలో గురి పెట్టే ఆనందానికి ఏ లోటూ ఉండదు. పొడవైన విల్లు, 66 లేదా 68 అంగుళాలది, తీసుకోండి; ఎందుకో కింద మరో జవాబులో వివరించాను. సాధన వేళలు కూడా విడగొట్టుకోండి. ఉదయం వీణ, సాయంత్రం విల్లు. విల్లు దించిన వెంటనే వీణ ముందు కూర్చుంటే ఆ వేళ్లు చెప్పే మాట నమ్మదగినది కాదు. గోళ్లతో మీటేవారైతే, పొడవైన గోరు కొక్కెం పట్టుకు అడ్డం వస్తుంది. ఎంత కురచ చేస్తే మీ నాదం మారకుండా ఉంటుందో మీరే తేల్చుకోవాలి. కచేరీ ఉన్న వారంలో విల్లు ముట్టుకోవద్దని మాత్రం మనవి.

ప్రశ్న: సాలార్‌జంగ్ మ్యూజియంలో మొఘలుల విలుకాండ్రు పెట్టుకున్న బొటనవేలి ఉంగరాలు చూసి, 48 అంగుళాల టర్కీ తరహా విల్లు కొన్నాను. మూడు వేళ్లతో లాగితే వేళ్లు నలిగిపోతున్నాయి. ఉంగరంతో లాగితే బొటనవేలి తోలు లేచిపోతోంది. ఏం చేయాలి? – శాలిబండ నుంచి ఒక యువకుడు

జవాబు: విల్లు పొట్టిదైన కొద్దీ, పూర్తిగా లాగినప్పుడు నారి మరింత ఇరుకైన కోణంలో మడత పడుతుంది. ఆ ఇరుకులో మూడు వేళ్లు పడితే పైదీ కిందదీ నడిమి వేలి వైపు నొక్కుకుంటాయి. 48 అంగుళాల విల్లుతో మీకు జరుగుతున్నది అదే. అది మీ లోపం కాదు. అటువంటి విళ్లు బొటనవేలితో లాగడానికి పుట్టినవి, ఎందుకంటే నారి ఎంత ఇరుకైనా ఒక్క వేలికి చోటు ఉంటుంది.

మ్యూజియంలో షాజహాన్ బిరుదైన 'సాహిబ్-ఎ-ఖిరాన్-ఎ-సానీ' చెక్కిన జేడ్ రాతి ఉంగరం ఉంది. ఈసారి వెళ్లినప్పుడు చెక్కడం కంటే ముందు ఆకారాన్ని చూడండి. ఈ తరహా ఉంగరం ఒక పక్క పెదవిలా ముందుకు సాగి ఉంటుంది. నారి కూర్చోవలసింది ఆ పెదవి వెనుక, ఉంగరం మీద. చర్మం మీద కాదు. మీ చర్మం లేస్తోందంటే ఉంగరం వదులై తిరిగిపోతోందని, లేదా పెదవి అంచు పదునుగా ఉందని అనుకోవాలి. రంధ్రం గుండ్రంగా కాక కోలగా ఉండాలి. ఉంగరాన్ని పక్కకు తిప్పి కణుపు దాటించి, తర్వాత పావు చుట్టు తిప్పితే అది కదలకుండా కూర్చోవాలి. మే నెల ఎండలో సాయంత్రానికి వేళ్లు ఉబ్బుతాయి, డిసెంబరు ఉదయం సన్నబడతాయి. అందుకే కొంచెం వదులైన ఉంగరం తీసుకుని, లోపల పలచటి తోలు ముక్క అంటించుకుని సరిచేసుకోవడం మేలు. అంచులను సన్నని గరుకు కాగితంతో రుద్ది గుండ్రం చేయండి.

బాణం విల్లుకు కుడిపక్కన పెడుతున్నారు కదా? మూడు వేళ్ల అలవాటుతో ఎడమపక్కన పెట్టి బొటనవేలితో లాగితే బాణం నిలవదు, దానిని నిలబెట్టే ప్రయత్నంలో వేలు మెలిపడుతుంది. కొత్తలో ఉంగరం పక్కనపెట్టి, తోలు తొడుగుతో, 20 నుంచి 25 పౌండ్లలో నెల రోజులు సాధన చేయమని నా సలహా. తోలులో నారి ఎక్కడ ఉందో వేలికి తెలుస్తుంది. రాతి ఉంగరం దానిని చెప్పదు.

ప్రశ్న: హాస్టల్‌లో ఉంటాను, మైదానానికి వారానికి రెండు రోజులే వెళ్లగలను. మిగతా రోజుల్లో వేళ్లకు బలం ఎలా? స్పిరిట్, పటిక రాస్తే చర్మం గట్టిపడుతుందంటారు, నిజమేనా? – ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి ఒక విద్యార్థి

జవాబు: స్పిరిట్ చర్మాన్ని ఎండబెడుతుంది, పటిక కాసేపు బిగిస్తుంది. రెండూ గట్టిదనం కావు. ఎండిన చర్మం చలికాలంలో పగులుతుంది కూడా. రాత్రి పడుకునే ముందు కొబ్బరినూనె రాసుకోండి. బాణాలు వేసే ముందు మాత్రం వద్దు. స్నానం చేసిన వెంటనే, బట్టలు ఉతికిన వెంటనే కూడా విల్లు పట్టకండి, నానిన చర్మం ఇట్టే లేస్తుంది. కాయ మరీ మందమైతే మడమలు రుద్దుకునే రాయితో పలచబరచండి. అంచు లేచిన కాయ నారికి తట్టుకుని చిరుగుతుంది.

బలానికి మీ హాస్టల్ బకెట్ చాలు. ఐదు లీటర్ల నీళ్లు పోసి, దాని పిడిని మూడు వేళ్ల మొదటి కణుపు మడతల్లో తగిలించి, బొటనవేలు ఆనించకుండా, చేతి వెనుక భాగం చదునుగా ఉంచి 20 సెకన్లు పట్టుకోండి. మధ్యలో నిమిషం విరామంతో ఐదుసార్లు. రోజు విడిచి రోజు చేస్తూ, రెండు వారాలకొకసారి ఒక లీటరు పెంచండి. కండరం వారాల్లో బలపడినా, దానిని ఎముకకు కట్టే స్నాయువుకు నెలలు పడుతుంది. బకెట్ తేలికనిపించగానే నింపేయడం వల్లే వేళ్లు వాచేది. తర్వాత ఐదు వేళ్ల కొనల చుట్టూ రబ్బరు బ్యాండు వేసి, వేళ్లను ఇరవైసార్లు విప్పండి. మూసే కండరాలనే పెంచుతూ తెరిచే వాటిని మరిచిపోతే మోచేతి నొప్పి వస్తుంది.

ప్రశ్న: వయసు 58, మధుమేహం ఉంది. నెల రోజులుగా నడిమి వేలి కొన తిమ్మిరిగా ఉంటోంది. కొన్ని రోజులు అలవాటైతే పోతుందా? – సైనిక్‌పురి నుంచి ఒక పాఠకుడు

జవాబు: పోదు, దయచేసి ఈరోజే ఆపండి. నెల రోజుల తిమ్మిరి నరం నలిగిందని చెప్పే గుర్తు కావచ్చు. మధుమేహం వల్లనూ కావచ్చు. ఆ రెండింటిలో ఏదో తేల్చవలసింది వైద్యుడు. మీరు బొబ్బలను ఇంట్లో సూదితో పొడుచుకోవడం కూడా చేయకూడదు, ఎందుకంటే చిన్న పుండు కూడా మానడం మీకు కష్టం.

ఇది పుస్తకాల్లో చదివి చెబుతున్నది కాదు. అరిగిపోయిన ట్యాబ్‌తో, 40 పౌండ్ల విల్లుతో, పోటీ దగ్గరపడిందని ఒక నెల మొండికేశాను. ఒక ఉదయం చొక్కా గుండీ పెట్టుకుంటుంటే నడిమి వేలికి గుండీ అంచు తెలియలేదు. చూస్తే తప్ప అది వేళ్ల మధ్య ఉన్నదో లేదో తెలియని స్థితి. విల్లు గోడకు తగిలించాను, స్పర్శ తిరిగి రావడానికి ఆరు వారాలు పట్టింది. మళ్లీ మొదలుపెట్టినప్పుడు 24 పౌండ్లకు దిగాను. నారి కూడా మార్చాను: పోగులు ఎక్కువగా ఉన్న డాక్రాన్ (ఒక రకం పాలిస్టర్) నారి, మధ్యలో మందపాటి దారం చుట్టినది. మందమైన నారి ఒత్తిడిని ఎక్కువ చర్మం మీదకు పరుస్తుంది, డాక్రాన్ కొంచెం సాగుతుంది కాబట్టి అదురు తగ్గుతుంది. పుంఖంలో నారి బిగుసుకోకుండా చూసుకుంటే చాలు. వైద్యుడు సరేనన్న తర్వాత మీరూ ఇలాగే తిరిగి రండి.

ప్రశ్న: వానాకాలంలో తడిసిన ట్యాబ్ బంకగా అంటుకుంటోంది. – మల్కాజిగిరి

జవాబు: ఎండలో పెట్టకండి, అట్టలా బిగుస్తుంది. నీడలో, ఫ్యాను కింద, చదునుగా పరిచి ఆరబెట్టండి. ఆరిన తర్వాత ముఖం మీద చిటికెడు టాల్కం పౌడరు రుద్దండి. వానల్లో రెండో ట్యాబ్ సంచిలో ఉంచుకోండి. అయితే దానిని కూడా ముందుగానే వంద బాణాలతో అలవాటు చేసి ఉంచాలి.

ప్రశ్న: విల్లు పట్టిన చేతి చూపుడు వేలి మీద, బాణం ఆనే చోట, సన్నగా కోసుకుపోతోంది. నారి అక్కడికి రాదు కదా? – బోయిన్‌పల్లి

జవాబు: కోస్తున్నది నారి కాదు, ఈక. లాంగ్‌బో (పొడవైన సాదా విల్లు) వంటి విళ్లలో బాణం పిడికిలి మీదుగానే జారుతుంది. ఈక కాడ ముందు కొన కొంచెం లేచి ఉన్నా అది చర్మాన్ని గీసుకుంటూ పోతుంది. ఊడిన కాడ వేలిలో గుచ్చుకునే ప్రమాదం కూడా ఉంది, కాబట్టి అలాంటి బాణం వేయకండి. కాడ కొనను బ్లేడుతో ఏటవాలుగా చెక్కి, దాని మీద సన్నని దారం పక్కపక్కనే పది, పన్నెండు చుట్లు చుట్టి, జిగురు పూసి ఆరనివ్వండి. ఎడమచేతికి పలచటి తోలు గ్లవ్ తొడుక్కుంటే మరీ మంచిది. ప్రతిసారీ బాణం ఎక్కుపెట్టే ముందు, ములికి వైపు నుంచి పుంఖం వైపుకు ఆ దారం మీద గోటితో గీసి చూడండి. గోరు ఎక్కడా తట్టుకోకపోతే ఆ బాణం వేయవచ్చు.